ఎటునుంచి చదివినా అదే దారి

"ఎటునుంచి చూసినా తామరే (3)." ఒక ఆదివారం తెల్లవారుజామున గళ్ళనుడికట్టులోని ఈ మూడక్షరాల ఆధారం ఒక్కటే వెంటబెట్టుకుని విశాఖ సాగరతీరానికి పరుగుకు వెళ్లాను. కాళీమాత గుడి దాటాను. ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామి దాటాను. పెదజాలారిపేట దగ్గర వలలు సర్దుకుంటున్న వాళ్లను దాటాను. పద్మం, కమలం, నళిని, అన్నిటినీ తిప్పి చూశాను, ఒక్కటీ కుదరలేదు. తిరుగు దారిలో తెన్నేటి పార్కు దగ్గర ఎత్తు దిగుతున్నప్పుడు, నీళ్ల మీద ఎర్రటి వెలుగు అప్పుడే పరుచుకుంటుండగా, జవాబు దానంతట అదే వచ్చి నిలబడింది. జలజ! పైకే అనేశాను. ఎదురుగా సైకిలు మీద వస్తున్న పాలబ్బాయి నా ముఖం చూసి తానూ నవ్వాడు.

ఇరవై ఏళ్లుగా నాకు గళ్ళనుడికట్టు అంటే ప్రాణం. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన మొదటి ఆదివారమే అత్తయ్య వంటింటి గట్టు మీద పేపరు పరిచి, పెన్సిలు నా చేతికిచ్చి, "అడ్డం నువ్వు చూడు, నిలువు నేను చూస్తాను" అన్నారు. మా ఇద్దరి స్నేహం అక్కడ మొదలైంది. పరుగు అలవాటు మాత్రం చాలా ఆలస్యంగా, నలభై ఆరో ఏట వచ్చింది. ఈ రెండూ కలిసి ఒకే సరదాగా ఎలా మారాయో, 21 కిలోమీటర్ల పందెం దాకా నన్ను ఎలా తీసుకెళ్లాయో చెప్పాలని ఉంది.

ఒక నవంబరు ఉదయం నేవీ మారథాన్ చూద్దామని మా అమ్మాయి నన్ను బీచ్ రోడ్డుకు లాక్కెళ్లింది. తన కాలేజీ స్నేహితులు పరుగెత్తుతున్నారట, చప్పట్లు కొట్టాలట. కుర్రకారు దూసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. వాళ్ల వెనక చాలాసేపటికి అరవై దాటిన ఒకావిడ వచ్చింది. నేత చీర గోచీ పోసి కట్టుకుంది, కాళ్లకు తెల్లటి బూట్లు. ఆవిడలో తొందర లేదు, ఆయాసమూ లేదు. మా ముందు నుంచి వెళ్తూ మాకే చేయి ఊపింది. ఆ నిమ్మళం నన్ను పట్టుకుంది. ఇంటికి వచ్చాక కూడా ఆవిడ అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మర్నాడు ఉదయం నేనూ వెళ్లాను. తెల్లవారుజామున కొంతసేపు బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు, దాంతో ఊళ్లో నడిచేవాళ్లూ పరుగెత్తేవాళ్లూ అందరూ అక్కడే చేరతారు. ఒక దీపస్తంభం నుంచి రెండో స్తంభం దాకా పరుగు, అక్కడి నుంచి మూడో స్తంభం దాకా నడక. మొదటి రోజు ఎనిమిది స్తంభాలు. రెండో వారానికి రెండు స్తంభాలు పరుగు, ఒకటి నడక. ఇందులో గొప్ప రహస్యం ఏమీ లేదు. కొత్తగా మొదలుపెట్టే వాళ్లెవరు అడిగినా ఇప్పటికీ ఇదే చెబుతాను. గడియారం చూడకండి, స్తంభాలు లెక్కపెట్టండి.

నెల తిరిగేసరికి మోకాలి కింద, ముందు ఎముక పక్కన నొప్పి మొదలైంది. ఊపిరి కూడా అందడం లేదు. తప్పు ఎక్కడుందో చెప్పింది ఒక డ్రిల్లు మాస్టారు. హైస్కూల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. రోజూ అదే సమయానికి అదే వేగంతో, తెల్ల బనీను వేసుకుని వెళ్తుంటారు. ఒక రోజు నా పక్కకు వచ్చి, "అమ్మా, పదమూడో ఎక్కం వచ్చా?" అని అడిగారు. వచ్చన్నాను. "అయితే పరుగెత్తుతూ పైకి చెప్పు. మధ్యలో ఊపిరి కోసం ఆగకూడదు" అన్నారు. పదమూడు మూళ్ల ముప్పైతొమ్మిది దగ్గరే ఆగిపోయాను. "అదీ సంగతి. పదమూడు పదుల నూటముప్పై దాకా ఆగకుండా చెప్పగలిగే వేగమే నీ వేగం. అంతకు మించి వెళ్లకు" అని చెప్పి, తన దారిన తాను వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి ఎక్కాలు చెప్పుకుంటూ పరుగెత్తాను. నడకకు కాస్త ఎక్కువ, పరుగుకు కాస్త తక్కువ అన్నట్టుండేది. పక్కన వేగంగా నడిచేవాళ్లు నన్ను దాటిపోయేవారు. కానీ మూడు వారాలకే కాలి నొప్పి తగ్గిపోయింది. ఆ తర్వాత కనిపించిన మార్పు నన్ను ఆశ్చర్యపరిచింది. అదే ఎక్కం, అదే ఊపిరి, అడుగులు మాత్రం తమంతట తాము వేగం పుంజుకున్నాయి. ఎందుకు ఇలా జరుగుతుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మెల్లగా, ఎక్కువసేపు పరుగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు పెరుగుతాయి. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం కొద్దిగానే ఉంటుంది, గట్టిగా పరుగెత్తితే గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. మెల్లటి పరుగు కొవ్వును ఎక్కువగా వాడుకోవడం శరీరానికి నేర్పుతుంది. ఎముకలు, కండర బంధనాలు గట్టిపడటానికి గుండెకూ ఊపిరితిత్తులకూ పట్టే కాలం కంటే ఎక్కువ కాలం పడుతుంది. ఉత్సాహం రెండు నెలలు ముందుంటే, కాలి ఎముక రెండు నెలలు వెనక ఉంటుందన్నమాట. మాస్టారి పదమూడో ఎక్కంలో ఇంత శాస్త్రం ఉంది.

ఎక్కాలు విసుగనిపించాక వాటి స్థానంలో గళ్ళనుడికట్టు వచ్చింది. ఇది అత్తయ్య ఆలోచన. "రోజుకో ఆధారం ఇస్తాను, తిరిగొచ్చేసరికి జవాబు తీసుకురా" అన్నారు. ముందు రోజు రాత్రి పాలు తోడు పెడుతూ చెబుతారు, దాంతోనే నేను నిద్రపోతాను. కాగితం లేదు, గళ్ళు లేవు. అక్షరాలన్నీ తలలోనే తిరగాలి. మన నుడికట్టులో అందం ఏమిటంటే గడికి ఒక అక్షరం, గుణింతంతో సహా పూర్తి అక్షరం. అందుకే మనకు ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటలు ఇంత ముచ్చటగా దొరుకుతాయి. వికటకవి అందరికీ తెలుసు. నటన, పులుపు, కిటికి, కంటకం, నందనం కూడా ఆ జాతివే. "రెండు వైపులా చిన్న నిద్రే (3)" అన్న ఆధారానికి కునుకు అని తెలుసుకున్న రోజు మూడు కిలోమీటర్లు ఎలా గడిచాయో నాకు గుర్తే లేదు. "అటూ ఇటూ ఒకటే, నిమ్మకాయలో ఉంటుంది (5)" మాత్రం నాలుగు రోజులు తిప్పలు పెట్టింది. జంబీరబీజం! ఆ మాట దొరికిన ఉదయం మొదటిసారి ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తాను. అలసట గురించి ఆలోచించే చోటును ఆ నిమ్మవిత్తనం ఆక్రమించుకుంది.

బూట్ల గురించి ఒక్క మాట. సాయంత్రం కొనండి, రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. పొడవాటి వేలు ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. నేను మొదట సరిగ్గా సరిపోయేవి కొన్నాను, రెండు కాలి గోళ్లు నల్లబడ్డాయి.

విశాఖలో పరుగెత్తేవాళ్లకు అసలు పరీక్ష వేసవే. జూన్ మొదట్లో సూర్యుడు ఐదు ఇరవైకల్లా వచ్చేస్తాడు. ఎండ తప్పించుకోవాలంటే నాలుగూ నలభైకి గేటు తీయాలి. అంత చీకట్లో వెళ్లినా ఉక్క తప్పదు. గాలిలో తేమ నిండి ఉండటంతో చెమట ఆరదు, చెమట ఆరితే కదా ఒళ్లు చల్లబడేది! రెండు కిలోమీటర్లకే చొక్కా పిండితే నీళ్లు కారేవి. ఆ నెలల్లో వేగం తగ్గించుకున్నాను, ఎవరైనా తగ్గించుకోవాల్సిందే. తిరిగొచ్చాక గట్టు మీద బండి దగ్గర చోడి (రాగి) అంబలి, అందులో పల్చటి మజ్జిగ, ఉప్పు, తరిగిన ఉల్లిపాయ. ఆ గ్లాసు అడుగున మిగిలే ఉల్లిముక్కల రుచికి సాటి వచ్చే రుచి నాకు ఇంతవరకు తగల్లేదు. మే నెలలో తాటిముంజలు, చలికాలంలో తేగలు. తీరప్రాంతపు పరుగులో రుతువులు ముందు నాలుకకే తెలుస్తాయి.

ఇంట్లో మార్పులూ వచ్చాయి. మా వారు ఉప్మా నేర్చుకున్నారు. మొదట ఉండలు కట్టేది, ఇప్పుడు జీడిపప్పు వేయించే రంగు చూసి వీధిలో ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు. ఆరున్నరకు నేను ఇంటికి చేరేసరికి అమ్మాయి డబ్బా సిద్ధంగా ఉంటుంది. తొమ్మిదిన్నరకు బ్యాంకు కౌంటరులో కూర్చుంటాను. పెన్షన్ల రోజున వరుస గుమ్మం దాటుతుంది. ఇదివరకు ఆ వరుసను చూస్తే గుండె దడదడలాడేది. ఇప్పుడు దాన్ని దీపస్తంభాల్లాగే చూస్తాను, ముందున్న ఒక్క మనిషినే చూస్తాను. ఒక ముసలాయన పాసుపుస్తకం అందుకుంటూ, "అమ్మా, నువ్వు ఈమధ్య పేరు పెట్టి పిలుస్తున్నావు" అన్నారు. ఆ రోజంతా ఆ మాట నాతో తిరిగింది.

అసలు పాఠం మాత్రం ఆషాఢంలో అందింది.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ జరుగుతుంది. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరి, ఊరంతా చుట్టి మళ్లీ అక్కడికే చేరాలి. మా అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు. అప్పటికి పదకొండు సార్లు చేశారు, ప్రతిసారీ చెప్పులు లేకుండానే. ఆ ఏడాది నన్నూ రమ్మన్నారు. ఆ వారాంతం నా ప్రణాళిక ప్రకారం 12 కిలోమీటర్ల పరుగు ఉంది. అది పోతుందేమో అన్నాను. "పోతే పోనీ, ముప్పైరెండు వస్తాయి కదా" అన్నారు.

చతుర్దశి నాటి మధ్యాహ్నం బయలుదేరాం. మబ్బు పట్టి ఉంది. అడవివరం దాటేసరికి సన్నటి వాన. రోడ్డంతా జనం, మధ్యలో గోవిందనామాలు, చంటిపిల్లలను భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నడిచే ఆడవాళ్ల బృందాలు. దారి పొడవునా జనం టేబుళ్లు వేసుకుని మజ్జిగ, పులిహోర, అరటిపళ్లు ఇస్తూ, "తీసుకోండమ్మా, తీసుకోండి" అని చేతులు పట్టుకుని మరీ పిలుస్తున్నారు. పరుగు పందేల్లో నీళ్ల కేంద్రాలు చాలా చూశాను, అంత ఆప్యాయంగా బతిమాలి తాగించే కేంద్రం మాత్రం ఎక్కడా చూడలేదు.

నేను అత్తయ్య నడకను చూస్తూ నడిచాను. పదకొండేళ్ల అనుభవం ఆ పాదాల్లో ఉంది. మొదటి కిలోమీటరులో ఎంత పొడవు అడుగు వేశారో హనుమంతవాక దగ్గరా అంతే వేశారు. ఎత్తు వస్తే అడుగు చిన్నది చేశారు, ఆగలేదు. ప్రతిచోటా రెండు గుక్కల మజ్జిగే, గ్లాసు నిండా ఎక్కడా తాగలేదు. కూర్చోలేదు. "కూర్చుంటే కాళ్లు ఇంటికి వచ్చేశామనుకుంటాయి" అన్నారు. రాత్రి తొమ్మిది దాటాక జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్రం కనిపించింది. చీకట్లో అలల అంచులు తెల్లగా మెరుస్తున్నాయి. అప్పుఘర్ దగ్గర వందలమంది నీళ్లలో దిగి స్నానం చేస్తున్నారు. అక్కడ మాత్రం అత్తయ్య మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి, కళ్లు మూసుకుని, చాలాసేపు కదల్లేదు.

రోజూ నేను పరుగెత్తే దారి అది. చెప్పులు లేకుండా నడిస్తే మరో దారిలా ఉంది. ఎక్కడ తారు గరుకుగా ఉందో, ఎక్కడ సిమెంటు చల్లగా ఉందో, ఎక్కడ ఇసుక ఎగిరొచ్చి పరుచుకుందో అరికాళ్లతో చదువుకున్నాను. ఎంవీపీ కాలనీ దాటాక నా నడుము పట్టేసింది. మాధవధార దగ్గర కళ్లు మూతలు పడుతున్నాయి. అత్తయ్య అదే నడకతో, ఇల్లాళ్ల సంగతులు, తన పుట్టింటి బావి సంగతి, మామయ్యగారు మొదటిసారి వైజాగ్ చూపించిన సంగతి చెబుతూనే ఉన్నారు. అంతసేపూ ఆయాసం లేదు. అప్పుడు నాకు తట్టింది. ఆవిడ 32 కిలోమీటర్లూ పదమూడో ఎక్కం చెప్పగలిగే వేగంలోనే నడుస్తున్నారు! డ్రిల్లు మాస్టారినీ అత్తయ్యనూ ఒకే బడిలో చదివించారా అనిపించింది. గోపాలపట్నం మీదుగా మళ్లీ తొలిపావంచాకు చేరేసరికి తూర్పు తెల్లబడుతోంది. ఇంటికొచ్చి ఇద్దరం ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ల బకెట్లలో కాళ్లు పెట్టుకుని, పేపరు మధ్యలో పరుచుకుని, ఒక్క ఆధారమూ పూరించకుండానే నిద్రపోయాం.

సెప్టెంబరులో మడమ నొప్పి వచ్చింది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మేకు గుచ్చుకున్నట్టుండేది. నాలుగడుగులు వేశాక తగ్గేది. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా సాగే పొర వాచిందని చెప్పారు. నేను చూపించుకున్న మొదటి డాక్టరు, ఈ వయసులో పరుగెందుకు, మానేయండి అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది. రెండోసారి కలిసిన ఫిజియోథెరపీ అమ్మాయి అలా అనలేదు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు మెల్లగా పైకి లేపి, మెల్లగా కిందికి దించమంది. రోజుకు రెండుసార్లు, పన్నెండు చొప్పున. నిద్ర లేవగానే మంచం మీదే కాలివేళ్లను వెనక్కి లాగి పట్టుకోమంది. పరుగు నాలుగు వారాలు ఆపాలి.

ఆ నాలుగు వారాలూ మేడ మీద గడిపాను. దొండపాదు పందిరి చక్కబెట్టాను. మల్లెకు ఎరువు వేశాను. చాలా ఏళ్లుగా చేద్దామనుకున్న పని ఒకటి చేశాను, మా ఇద్దరి కోసం సొంతంగా ఒక గళ్ళనుడికట్టు తయారుచేశాను. పూరించడం కంటే అల్లడం పదింతలు కష్టం. ఒక మూల మాట మారిస్తే నాలుగు మూలలూ కదులుతాయి. అత్తయ్యకు ఇస్తే నలభై నిమిషాల్లో పూరించి, "ఏడో నిలువు తప్పు, అక్కడ దీర్ఘం రావాలి" అన్నారు. నిజమే, రావాలి. మెట్టు మీద మడమలు లేపుతూ ఆ దీర్ఘం సంగతే ఆలోచించాను. అయిదో వారం ఒక స్తంభం పరుగు, ఒక స్తంభం నడక, మళ్లీ మొదటికి వచ్చాను. ఈసారి అది మొదటిలా అనిపించలేదు.

జనవరి నెల పొడవు పరుగులది. ఆదివారం 14, ఆ పై ఆదివారం 16, ఆ తర్వాత 18. సూర్యోదయం ఆరున్నరకు గనుక తొందర లేదు. సాగర్‌నగర్ వైపు ఒక ఉదయం, ఇసుక మీద ట్రాక్టరు చక్రం దొర్లినట్టు గీతలు కనిపించాయి. నీళ్ల దగ్గర మొదలై పైకి వచ్చి, మళ్లీ నీళ్లలోకి దిగిపోయాయి. రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిన జాడ అది. చలికాలం చివర మన తీరానికి వస్తాయి. ఒక్కొక్కటీ నూరు దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తెల్లారేలోగా వెళ్లిపోతాయి. వాటిని కుక్కల బారి నుంచి కాపాడటానికి అటవీశాఖ వాళ్లు గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పాతిపెడతారు, దాదాపు నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటికి వస్తాయి. నేను ఆగిపోయాను. వెళ్లిన దారికీ వచ్చిన దారికీ మధ్య ఒక చిన్న గుంట. ఎటునుంచి చదివినా ఒకటే అయిన మాటలా ఉంది ఆ జాడ, మధ్య అక్షరంలో మాత్రం నూరు ప్రాణాలు. కాపలా మనిషి వచ్చేదాకా అక్కడే కుక్కలను అదిలిస్తూ నిలబడ్డాను. ఆ రోజు 18 కావలసింది 13తో ఆగింది. నా డైరీలో అన్ని పరుగుల కంటే ముందు రాసుకున్నది ఆ 13నే.

పందెం ఫిబ్రవరిలో వచ్చింది. 21 కిలోమీటర్ల 97.5 మీటర్లు. ఆ చివరి అంకెల మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ను విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి స్టేడియంలో రాచకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించారు, అది 42.195 కిలోమీటర్లు తేలింది. 1921లో అదే కొలత స్థిరపడింది. అందులో సగం మా వంతు. నూరేళ్లకు పైగా కిందట ఎవరి గుమ్మం ముందో గీసిన గీత కోసం బీచ్ రోడ్డు మీద మేము ఇంకో 97.5 మీటర్లు పరుగెత్తుతామన్నమాట.

ముందు రాత్రి అత్తయ్య పేపరులోది కాకుండా తాను కట్టిన ఆధారం ఇచ్చారు. "రెండు వైపుల నుంచీ ఒకటే, కడలి కడుపు పంట (3)."

చీకటి ఇంకా పోలేదు, కాళీ గుడి దగ్గర జనం. ఛాతీ మీద నంబరు కాగితానికి నాలుగు పిన్నులు. పిన్నులు గుచ్చుకోవడానికి ఒకరికొకరు సాయం చేసుకుంటున్న ముక్కూముఖం తెలియని మనుషులు. అందరి ముఖాల్లోనూ పరీక్ష ముందు పిల్లల్లో కనిపించే వెలుగే. తుపాకీ మోగగానే గుంపుతో పాటు నేనూ కొట్టుకుపోయాను. జలాంతర్గామి దాటుతూ పదమూడో ఎక్కం మొదలుపెడితే ఏడు దగ్గర ఊపిరి తెగింది. వెంటనే తగ్గించాను. ఎందరో దాటిపోయారు. పెదజాలారిపేట దగ్గరికి వచ్చేసరికి ఎక్కం సాఫీగా నడిచింది. ఒడ్డున రెండు వరుసల్లో నిలబడి అలివి వల లాగుతున్నారు, వాళ్లందరి అడుగూ ఒకేసారి పడుతోంది. వాళ్ల లయలో కొంతసేపు నేనూ అడుగు వేశాను.

తెన్నేటి పార్కు ఎత్తు అత్తయ్య పద్ధతిలో ఎక్కాను, చిన్న అడుగు, ఆగకుండా. రుషికొండ దగ్గర మలుపు. అక్కడొక గులాబీ రంగు కోను చుట్టూ తిరిగి, వచ్చిన దారినే వెనక్కి. ఆ క్షణంలో మొత్తం పందెం ఒక్క మాటగా కనిపించింది. గుడి, జలాంతర్గామి, జాలారిపేట, అప్పుఘర్, తెన్నేటి పార్కు, రుషికొండ, తెన్నేటి పార్కు, అప్పుఘర్, జాలారిపేట, జలాంతర్గామి, గుడి. పదకొండు అక్షరాలు, మధ్య అక్షరం రుషికొండ!

పదిహేనో కిలోమీటరు దగ్గర నీళ్ల కేంద్రంలో నీళ్లు అయిపోయాయి. ఎండ ఎక్కింది, నోరు పిడచకట్టుకుపోయింది. రోడ్డు పక్క ఇంట్లోంచి ఒకావిడ స్టీలు బిందె, రెండు గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టింది. చేపల గంప పక్కనే ఉంది, అమ్మకానికి వెళ్లబోతూ ఆగినట్టుంది. "నిదానంగా తాగమ్మా" అంది. రెండు గుక్కలే తాగాను. గిరిప్రదక్షిణలో దారి పక్కన నిలబడిన చేతులే మళ్లీ వచ్చాయనిపించింది. వెనక వచ్చేవాళ్లు ఒక్కొక్కరే ఆ అరుగు దగ్గర ఆగడం చూసి ముందుకు కదిలాను.

పదిహేడు దాటాక తొడలు బరువెక్కాయి. ఎక్కం మరచిపోయాను. దూరంగా పడవలు, వాటి మీద పొద్దు. వల ఒడ్డుకు చేరింది. వెండిరంగు చేపలు ఎగిరెగిరిపడుతున్నాయి. కడలి కడుపు పంట. చేప రెండక్షరాలు. శంఖం కుదరదు. పగడం తిరగేస్తే డంగప. మూడక్షరాలు, మొదటిదీ చివరిదీ ఒకటే. ము, ము... ముత్యము! దానికి ఎంత తేలిక రూపం, ఇన్ని కిలోమీటర్లు కళ్లెదుటే ఉంది. ఆ సంతోషంతో జలాంతర్గామి దాకా వచ్చేశాను. చివరి 97.5 మీటర్లు మాత్రం లెక్కపెట్టుకుంటూ, ప్రతి మీటరునూ చూసుకుంటూ పరుగెత్తాను.

2 గంటల 41 నిమిషాలు. మెడలో పతకం వేశారు. అమ్మాయి కెమెరాతో ఎగురుతోంది, మా వారు కొబ్బరిబొండాం పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్య తాడు పక్కన, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నిలబడి ఉన్నారు. దగ్గరకు వెళ్లి చెవిలో చెప్పాను.

"ముత్యము."

ఆవిడ నా ముఖం మీది చెమట కొంగుతో తుడిచారు. పతకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇరవై ఒకటి అయ్యాయి. ఇంకా పదకొండు ఉన్నాయి అమ్మాయ్" అన్నారు. "ఆషాఢంలో కలిపేద్దాం."